ఆర్వో ప్యార్ట్ ‘ధన్యతలు’: ఆమేన్ తరువాత ఆర్గాన్ ఒక్కటే ఎందుకు మిగులుతుంది?

ఆల్టో వరస:

అందరికీ నమస్కారం. సికింద్రాబాదులోని మా సంఘపు క్వయిర్‌లో 16 మందిమి ఉన్నాము. ప్రతి శ్రమకాలంలోనూ పాడే పాటలతో పాటు ఈసారి ఒక కొత్త రచన నేర్చుకుందామని అనుకొని, ఎస్టోనియా స్వరకర్త ఆర్వో ప్యార్ట్ 1990లో రాసి ఆ మరుసటి ఏడాది సవరించిన ‘ధన్యతలు’ ఎంచుకున్నాము. మత్తయి సువార్త అయిదవ అధ్యాయం మొదట్లో ఉన్న కొండమీద ప్రసంగపు వచనాలను ఇంగ్లీషు పాఠంతో నాలుగు గాత్రాల క్వయిర్‌కూ ఆర్గాన్‌కూ కూర్చిన రచన ఇది.

స్వరాలు చూడగానే ఇది సులువైన పని అనుకున్నాము. గాత్రాలన్నీ ఒకేసారి ఒకే అక్షరాన్ని పలుకుతాయి, పరుగులు లేవు, ఒకరి మీద ఒకరు వచ్చి పడే చోట్లు లేవు. అయితే సాధన మొదలుపెట్టిన రెండవ వారానికే ఇది మేము ఇంతవరకు పాడినవాటన్నిటికంటే కష్టమైనదని తెలిసింది. ప్రతి పంక్తి తరువాతా నిశ్శబ్దం ఉంది, ఆ నిశ్శబ్దంలోంచి బయటికి వచ్చేసరికి మా శ్రుతి దిగజారిపోయి ఉంటోంది. ఆర్గాన్ దాదాపు చివరిదాకా కాళ్లతో వాయించే దీర్ఘమైన మంద్ర స్వరాలను మాత్రమే పట్టుకొని ఉండి, మేము ‘ఆమేన్’ అన్న తరువాత ఒక్కసారిగా పూర్తి బలంతో లేచి, స్వరాలను విరజిమ్ముతూ చాలాసేపు ఒంటరిగా వాయించి మెల్లగా సద్దుమణుగుతుంది. ప్రార్థన ‘ఆమేన్’తో ముగియాలి కదా, ఆ తరువాత ఇంత సంగీతం ఎందుకని మా టెనార్లలో ఒకరు అడిగితే నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ప్యార్ట్ సంగీతాన్ని ఎరిగినవారు చెప్పగలరా? మా దగ్గర ఉన్నది ఎలక్ట్రానిక్ ఆర్గానే, పైపు ఆర్గాన్ కాదు. దానివల్ల ఏమి పోతుందో కూడా తెలుసుకోవాలని ఉంది.

లెక్కల మాస్టారు:

ఆల్టో వరస గారూ, మీ టెనార్ అడిగిన ప్రశ్నకు జవాబు ఆ రచన కట్టుబడిలోనే ఉందని నా నమ్మకం. అందుకు ముందుగా ప్యార్ట్ పద్ధతిని కాస్త వివరంగా చెప్పుకోవాలి.

1976 నుంచి ఆయన వాడుతున్న పద్ధతి పేరు టింటినాబులి. లాటిన్‌లో చిరుగంటలు అని అర్థం. ఇందులో రెండు రకాల గాత్రాలు ఎప్పుడూ జతగా నడుస్తాయి. ఒకటి ఒక కేంద్ర స్వరం చుట్టూ మెట్టు మెట్టుగా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, రెండవది ఆ శ్రుతికి మూలమైన మూడు స్వరాలలో మాత్రమే ఉంటుంది. మనకు తెలిసిన స్వరాలలో చెబుతాను. నటభైరవి స్వరాలు తీసుకోండి. మొదటి గాత్రం స రి గ మ ప అని ఎక్కుతోంది అనుకుందాం. రెండవ గాత్రానికి స, గ, ప మాత్రమే సొంతం. మొదటి గాత్రానికి పైన దగ్గరలో ఉన్న తన స్వరాన్ని పలకాలన్నది నియమమైతే, స పలికినప్పుడు గ, రి పలికినప్పుడు కూడా గ, గ పలికినప్పుడు ప, మ పలికినప్పుడు ప, ప పలికినప్పుడు పై స వస్తాయి. ఇందులో రిషభం, సాధారణ గాంధారం కలిసే చోటు చూడండి, రెంటికీ మధ్య ఒక్క అరస్వరమే దూరం. అక్కడ ఒక రాపిడి పుడుతుంది, మరుసటి స్వరంలోనే అది విడిపోతుంది. గంట మోగిన తరువాత మిగిలే కంపనం లాంటి ఆ ధ్వని ఆయన సంగీతమంతటా వినిపించడానికి కారణం ఈ చిన్న నియమమే.

స్వరకర్త భార్య నోరా దీనిని ఒకటికి ఒకటి కలిపితే ఒకటే అనే లెక్కగా చెప్పారు. ప్యార్ట్ స్వయంగా, తిరుగాడే గాత్రం మనిషి తప్పులకూ బాధకూ చెందినదనీ, మూడు స్వరాల గాత్రం క్షమాపణకు చెందినదనీ అనేవారని ఆయనతో కలిసి పనిచేసిన గాయక బృంద నిర్దేశకుడు పాల్ హిల్లియర్ రాశారు. ఈ అర్థాన్ని ఒప్పుకోనివారు కూడా ఒక సంగతి గమనించవచ్చు. రెండవ గాత్రం ఎన్నడూ తన ఇష్టానికి కదలదు, మొదటిది ఎక్కడికి వెళితే దానికి తగినంత దూరంలో నిలబడుతుంది.

ఇప్పుడు మీ రచన. ఆయన టింటినాబులి రచనలలో చాలా వాటిలో మూల శ్రుతి మొదటి నుంచి చివరిదాకా మారదు. ‘ధన్యతలు’ అందుకు మినహాయింపు. పంక్తులు సాగుతున్నకొద్దీ ఆధారం మారుతూ వస్తుంది, ఆర్గాన్ పట్టుకొనే మంద్ర స్వరాలు ఆ కొత్త ఆధారాన్ని చూపిస్తాయి. క్వయిర్ ఆ విధంగా పంక్తి వెంట పంక్తి పైకి వెళ్లి, ‘ఆమేన్’ దగ్గరకు వచ్చేసరికి బయలుదేరిన చోటికి చాలా దూరంలో నిలబడి ఉంటుంది. తరువాత ఆర్గాన్ చేసేది ఆ దారినంతటినీ వెనక్కి నడిచి రావడం. మీరు నడిచిన శ్రుతుల గుండా దిగివచ్చి, మొదటి పంక్తి పుట్టిన చోట ఆగుతుంది. కాబట్టి ‘ఆమేన్’ మాటలకు ముగింపు, సంగీతానికి అది శిఖరం. శిఖరం మీద మిమ్మల్ని వదిలివేసి రచన ముగిస్తే, కొండ ఎక్కినవారు మళ్లీ ఇంటికి రాలేదన్నట్టు ఉంటుంది.

కృతిప్రియ:

లెక్కల మాస్టారు గారి వివరణ చదివాక నాకున్న అభ్యంతరం తగ్గలేదు, ఇంకా గట్టిపడింది. మర్యాద తప్పకుండానే నా మాట చెబుతాను. నేను చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం వింటున్నాను. తంబుర మీద ఒకే శ్రుతి గంటల తరబడి నిలిచి ఉండడం మాకు కొత్త కాదు. అయితే ఆ శ్రుతి మీద రాగం పెరుగుతుంది, గమకంలో ఒక్కొక్క స్వరం ప్రాణం పోసుకుంటుంది. ప్యార్ట్ రచనలు మూడు నాలుగు విన్నాను. స్వరాలు నిలువుగా నిలబడి ఉన్నాయి, వంగవు, పెరగవు. ఒక నియమం రాసుకొని దాని ప్రకారం స్వరాలు నింపుకుంటూ పోవడం రచన ఎలా అవుతుంది? ఆ నియమాన్ని ఎవరికి ఇచ్చినా అదే ఫలితం వస్తుంది కదా? భక్తి అన్నది అంత ముందుగా లెక్క తేలిపోయే విషయమని నేను అనుకోలేను.

లెక్కల మాస్టారు:

మంచి ప్రశ్న. ముందు తంబుర పోలిక గురించి. నేను కూడా మొదట అలాగే అనుకున్నాను, తరువాత మానుకున్నాను. తంబుర గాయకుడు ఏమి పాడినా తన పనిని మార్చుకోదు. టింటినాబులిలోని రెండవ గాత్రం మొదటి గాత్రపు ప్రతి అడుగుకూ జవాబు చెబుతుంది. అది ఆధార శ్రుతి కాదు, తోడు నడిచే మనిషి. ఈ తేడా పట్టుకుంటే వినే తీరే మారుతుంది.

నియమం ఎవరికి ఇచ్చినా అదే ఫలితం వస్తుందా అంటే, రాదు. నియమాన్ని తయారు చేయడమే అక్కడ రచన. ఏ పాఠానికి ఏ కేంద్ర స్వరం, ఎవరి గాత్రం ఎంత నెమ్మది, ఎక్కడ నియమాన్ని వదిలివేయాలి అన్నవి ఆయన నిర్ణయాలు. 1982 నాటి ‘పాసియో’ చూడండి. యోహాను సువార్తలోని శ్రమల వృత్తాంతం మొత్తం లాటిన్‌లో, సుమారు 70 నిమిషాలు సాగుతుంది. వృత్తాంతం చెప్పే సువార్తికుడిగా ఒక్క గాయకుడు కాక నలుగురు పాడతారు, వారితో వయొలిన్, ఓబో, చెల్లో, బసూన్ నడుస్తాయి. యేసు మాటలకూ పిలాతు మాటలకూ ఆర్గాన్ తోడుంటుంది. అందరిలోకీ నెమ్మదిగా పలికేది యేసు పాత్రే. పదం తరువాత కామా ఉందా, పూర్ణవిరామం ఉందా అన్నదాన్ని బట్టి ఆ పదం ఎంతసేపు నిలవాలో తేలుతుంది. గంటకు పైగా ఈ నియమాలు ఒక్కసారి కూడా తప్పవు. సువార్త పాఠం ముగిసి, మా కొరకు శ్రమపడినవాడా మమ్మును కరుణించుమని చివరి ప్రార్థన మొదలవగానే, అంతవరకు వినిపించని డి మేజర్ శ్రుతిలోకి గాత్రాలన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ఆ చివరి నిమిషం అంత బలంగా తాకడానికి ముందున్న గంటసేపటి నిగ్రహమే కారణం.

పాత రికార్డులు:

ఈ చర్చ చూసి ఆగలేక రాస్తున్నాను. కృతిప్రియ గారి సందేహానికి జవాబు ఆయన జీవితంలో కొంత దొరుకుతుందని నా అభిప్రాయం. ఎందుకంటే ప్యార్ట్ సులువైన దారి వెతుక్కుంటూ ఈ పద్ధతికి వచ్చినవారు కారు.

ఆయన 1935 సెప్టెంబరు 11న ఎస్టోనియాలోని పైదేలో పుట్టి, రాక్వెరేలో పెరిగారు. తాలిన్‌లో హైనో ఎల్లర్ దగ్గర చదువుకొని 1963లో పట్టా పొందారు. ఆ రోజుల్లో ఎస్టోనియా రేడియోలో ధ్వని ముద్రణ పని చేసేవారు. 1960లో రాసిన ‘నెక్రోలాగ్’లో ఒక స్థాయిలోని పన్నెండు స్వరాలనూ ఒక వరుసగా పేర్చి దాని మీదే రచనను నిర్మించే పన్నెండు స్వరాల పద్ధతిని వాడినందుకు సోవియట్ సంగీత అధికారుల విమర్శకు గురయ్యారు. అంటే ఆ కాలపు అతి సంక్లిష్టమైన పద్ధతులన్నీ ఆయన చేతికి వచ్చినవే.

1968 నవంబరులో తాలిన్‌లో నీమే యార్వి నిర్దేశకత్వంలో ‘క్రేదో’ (లాటిన్‌లో ‘నమ్ముచున్నాను’) ప్రదర్శన జరిగింది. పియానో, క్వయిర్, ఆర్కెస్ట్రా కలిసిన ఆ రచనలో బాఖ్ సి మేజర్ ప్రెలూడ్‌ను ఒకవైపు, పన్నెండు స్వరాల వరుస నుంచి పెరిగే గందరగోళాన్ని మరొకవైపు నిలబెట్టారు. యేసుక్రీస్తునందు నమ్మిక ఉంచుచున్నానని సోవియట్ దేశంలో బహిరంగంగా పాడించడం పెద్ద వివాదమైంది, ఆ రచన మళ్లీ వినిపించకుండా పోయింది. ఆ తరువాత ఎనిమిది సంవత్సరాలలో ఆయన పూర్తి చేసినవి చాలా తక్కువ. గ్రెగోరియన్ గానాన్ని, పునరుజ్జీవన కాలపు బహుగాత్ర సంగీతాన్ని చదువుతూ, పుస్తకాల నిండా ఒంటి గాత్రపు స్వరపంక్తులు రాసుకుంటూ గడిపారు. 1972లో ఆర్థొడాక్స్ సంఘంలో చేరారు. 1976లో ‘ఫ్యూర్ అలీనా’ అనే రెండు పుటల పియానో రచనతో మళ్లీ గొంతు విప్పారు. ఎనిమిదేళ్ల వెతుకులాట తరువాత మనిషికి మూడు స్వరాలు చాలునని అనిపించిందంటే, అందులో లెక్క ఉన్నా అది తేలికగా తేలిన లెక్క కాదు.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి ఉంది. ‘క్రేదో’లో విశ్వాస వాక్యంతో పాటు వినిపించేది కంటికి కన్ను, పంటికి పన్ను అని విన్నారు గదా, నేను మీతో చెప్పేది కీడును ఎదిరింపవద్దని అన్న మాట. అది ఎక్కడిది? మత్తయి అయిదవ అధ్యాయం, 38, 39 వచనాలు. 22 సంవత్సరాల తరువాత అదే ప్రసంగపు మొదటి వచనాలకు వచ్చి, అదే అధ్యాయాన్ని మళ్లీ తెరిచి ఆయన రాసినది ఆల్టో వరస గారి క్వయిర్ ఇప్పుడు నేర్చుకుంటున్న రచన. మొదటి దానిలో ఆర్కెస్ట్రా అంతా కేకలు పెట్టింది. రెండవ దానిలో గాత్రాలు ఒక్కొక్క అక్షరాన్ని నేల మీద పెట్టి, ఆగి, మళ్లీ ఎత్తుకుంటాయి. గందరగోళం అవసరం లేకుండానే అదే మాట చెప్పగలిగిన స్థితికి ఆయన వచ్చారు. ఈ రెంటినీ ఒకే సాయంత్రం వరుసగా వినమని కృతిప్రియ గారిని కోరుతున్నాను.

ఆల్టో వరస:

పాత రికార్డులు గారూ, ఆ సంగతి మా క్వయిర్‌కు చదివి వినిపించాను. ఒకే అధ్యాయమన్న మాట అందరికీ తగిలింది. ఆయన పాఠాన్ని దాచిపెట్టి రాయవలసి వచ్చిన సందర్భాలు ఇంకా ఉన్నాయా?

పాత రికార్డులు:

ఉన్నాయి. 1977లో రాసిన ‘సుమ్మా’ అలాంటిది. పేరు చూస్తే ఏ తాత్విక గ్రంథమో అనిపిస్తుంది, పాడేది లాటిన్ విశ్వాస ప్రమాణమే. ఆ మాట పేరులో పెడితే ప్రదర్శన జరగనివ్వరు కనుక అలా పేరు పెట్టారు. 1980 జనవరిలో ఆయన కుటుంబం దేశం విడిచి వియన్నాకు, మరుసటి ఏడాది బెర్లిన్‌కు వెళ్లింది. మీరు పాడుతున్న రచన, అది రాసిన 1990లోనే కాథలిక్ మహాసభ సందర్భంగా వినిపించిన ‘బెర్లీనర్ మెస్సె’ ఆ బెర్లిన్ కాలానివే. ఆ ఆరాధన రచన కూడా మొదట నలుగురు గాయకులకూ ఆర్గాన్‌కూ రాసినదే, తంత్రీ వాద్యాల రూపం తరువాత వచ్చింది.

రైన్ ఒడ్డున:

నేను జర్మనీలో రైన్ నది దగ్గర ఉంటున్నాను, వృత్తిరీత్యా ఇంజనీరును. ఆల్టో వరస గారి చివరి ప్రశ్న, పైపు ఆర్గాన్ లేకపోతే ఏమి పోతుందన్నది, నాకు చాలా దగ్గరిది.

ప్యార్ట్ ఒంటరి ఆర్గాన్‌కు రాసినవి నాలుగైదుకు మించవు. 1976 నాటి ‘ట్రివియమ్’, అదే ఏడాది తన మారుతండ్రి మరణం తరువాత రాసి 1980లో ఆర్గాన్‌కు కూర్చిన ‘పారి ఇంటర్వాల్లో’, 1980 నాటి ‘ఆనుమ్ పెర్ ఆనుమ్’, 1989 నాటి ‘మైన్ వేగ్’. మొదటిసారి వినేవారు ‘పారి ఇంటర్వాల్లో’తో మొదలుపెట్టాలని నా సలహా. సమాన దూరంలో అని ఆ పేరుకు అర్థం. రెండు స్వరపంక్తులు ఒకదానికొకటి అంతే దూరం ఉంచుకుంటూ చివరిదాకా నడుస్తాయి. బ్రదికినను చనిపోయినను ప్రభువు వారమే అనే రోమా పత్రిక 14వ అధ్యాయపు మాట దాని వెనుక ఉంది. వాయించడానికి వేళ్లకు కష్టమేమీ లేదు, తొందరపడకుండా ఉండడమే కష్టం.

‘ఆనుమ్ పెర్ ఆనుమ్’ సంగతి వేరు. ష్పయర్ పట్టణపు కతీడ్రల్ 900 సంవత్సరాల వేడుకకు దానిని రాశారు. ఏటేటా అని పేరు. అన్ని శతాబ్దాలుగా ఆగకుండా అక్కడ జరుగుతూ వచ్చిన ఆరాధనను తలచుకుంటూ, మధ్యనున్న అయిదు భాగాలకు కే, జి, సి, ఎస్, ఏ అనే అక్షరాలు పెట్టారు. అవి కీరియే, గ్లోరియా, క్రేదో, సాంక్తుస్, ఆన్యుస్ దేయి అనే ఆరాధన భాగాల తొలి అక్షరాలు. వాటికి ముందు ఒక ప్రవేశం, చివర ఒక ముగింపు. ప్రవేశం పూర్తి బలంతో మొదలై, వాయిస్తుండగానే ఒక్కొక్క స్వరమాలను, అంటే ఒక్కొక్క పైపుల వరుసను, తీసివేస్తూ తగ్గుతూ వచ్చి, చివరికి మీటల మీద చేతులు అలాగే ఉండగా గాలినిచ్చే మోటారునే ఆపివేయాలి.

దీనిని ఒకసారి ఒక చర్చిలో ప్రత్యక్షంగా విన్నాను. మోటారు ఆగాక శబ్దం వెంటనే పోదు. తిత్తిలో మిగిలిన గాలి పైపుల గుండా వెళుతూనే ఉంటుంది, ఒత్తిడి తగ్గుతున్నకొద్దీ శ్రుతి కొద్దికొద్దిగా జారుతుంది, కొన్ని పైపులు ముందు మూగబోతాయి, కొన్ని చిన్న శబ్దంతో చివరిదాకా నిలుస్తాయి. చివరకు గాలి చప్పుడు ఒక్కటే మిగులుతుంది. మా నాయనమ్మ చివరి రాత్రి ఆమె పక్కన కూర్చున్నవాడిని నేను. ఆ రాత్రి విన్న శ్వాస నాకు అక్కడ మళ్లీ వినిపించింది. అంతలో ఆరాధన భాగాలు మొదలయ్యాయి, చివరి ముగింపులో అదే ఆర్గాన్ మెల్లని ధ్వని నుంచి మళ్లీ పూర్తి బలానికి లేచింది. ఎలక్ట్రానిక్ ఆర్గాన్‌లో ధ్వనిని తగ్గించగలరు గాని ఊపిరి పోయేలా చేయలేరు, అందులో ఊపిరి లేదు. అందువల్ల ఆ రచన మీ వాద్యం మీద సాధ్యం కాదు.

‘ధన్యతలు’ మాత్రం సాధ్యమే, అయితే ఒక జాగ్రత్త కావాలి. మంద్ర స్వరాలు పలికే 16 అడుగుల స్వరమాలలో అడుగున ఉన్న సి స్వరం సెకనుకు సుమారు 33 కంపనాలు. చర్చిలో సాధారణంగా పెట్టే గోడ స్పీకర్లు అంత కింది ధ్వనిని పలకలేవు, పై అంశాలను మాత్రమే వినిపిస్తాయి. మీ క్వయిర్ శ్రుతి జారడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు, కాళ్ల కింద నేల ఉన్నట్టు వారికి తెలియడం లేదు. మంద్ర ధ్వనికి ప్రత్యేకించిన సబ్‌ఊఫర్ ఒకటి తెచ్చి క్వయిర్ వెనుక నేల మీద పెట్టి చూడండి. ఇంకొక మాట, సాధనలో పైకప్పు ఫ్యాన్లు ఆపివేయండి. పంక్తుల మధ్య నిశ్శబ్దం ఈ రచనలో సగం, ఫ్యాన్ల చప్పుడులో అది వినపడదు.

గుంటూరు టెనార్:

నాదొక వేరే ప్రశ్న. ఈ ధన్యతలను తెలుగు పాఠంతో ఇదే పద్ధతిలో కూర్చవచ్చునా? మా ఊళ్లో ఇంగ్లీషు పాట విని తల ఊపేవారే గాని, తెలుగు మాట విని కన్ను చెమర్చేవారు వేరు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఈనాటికీ నిలిచి ఉన్నాయంటే అవి తెలుగు నోటికి పుట్టినవి కావడమే కారణం.

లెక్కల మాస్టారు:

ఈ ప్రశ్న నన్ను రెండు రోజులు వదలలేదు. ప్యార్ట్ భాషను బట్టి సంగీతం మారాలని నమ్మిన మనిషి. లాటిన్‌కు ఒక తీరు, జర్మన్‌లో 1988 నాటి ఏడు మాగ్నిఫికాత్ ఆంటిఫోన్లకు (మరియ స్తుతిగీతంతో పాటు పాడే చిన్న పాటలకు) ఒక తీరు, 1997లో పూర్తయిన ‘కానన్ పొకయానెన్’లో స్లావ్ ఆర్థొడాక్స్ ఆరాధన భాష అయిన చర్చి స్లావోనిక్‌కు మరొక తీరు. ఆ చివరిది పశ్చాత్తాప ప్రార్థన, కొలోన్ కతీడ్రల్ 750 ఏళ్ల సందర్భానికి రాసినది. కాబట్టి ఇంగ్లీషు స్వరాల కింద తెలుగు మాటలు పేర్చడం ఆయన పద్ధతికి విరుద్ధం. తెలుగుకు కొత్తగా రాయవలసిందే.

రాస్తే ఏమవుతుంది? 1977 నాటి ‘మిసా సిలబికా’లో ఉన్న నియమం తీసుకుందాం. పదంలో ఎన్ని అక్షరాలుంటే కేంద్ర స్వరానికి అన్ని మెట్ల దూరం నుంచి బయలుదేరి కేంద్రానికి చేరడం. ‘దోమినుస్’ అన్న పదానికి గ రి స. మన ‘ధన్యులు’ కూడా మూడక్షరాలే, గ రి స, చక్కగా కుదురుతుంది. ‘దీనులైనవారు’ ఆరు అక్షరాలు, ధైవతం నుంచి దిగాలి. ‘సమాధానపరచువారు’ తొమ్మిది! కేంద్రం స అయితే తారస్థాయి రిషభం నుంచి బయలుదేరాలి, అంటే ఒక స్థాయిని దాటి ఒక మెట్టు పైన. బేస్ గాయకులకు ఆ ఒక్క పదమే ఒక కొండ. లాటిన్‌లోనైనా ఇంగ్లీషులోనైనా పదాలు చిన్నవి కనుక రాగరేఖ కేంద్రానికి దగ్గరలోనే తిరుగుతుంది, తెలుగులో అది పొడుగాటి మెట్లదారులుగా మారుతుంది. నాకు అది లోపమనిపించలేదు. సమాధానపరచేవారు అంత ఎత్తు నుంచి దిగి రావలసి ఉంటుందన్నది విశేషమైన అర్థమే.

ఇంకొక తేడా ఇంతకంటే లోతైనది. ఇంగ్లీషులో ప్రతి పంక్తీ ధన్యులన్న మాటతోనే మొదలవుతుంది, ఎవరు ధన్యులో తరువాత తెలుస్తుంది. తెలుగు బైబిలులో ముందు మనుషులు వస్తారు, దీనులు, దుఃఖపడువారు, సాత్వికులు, ఆ తరువాత వారికి ‘ధన్యులు’ అన్న పేరు వస్తుంది. మొదట పెద్ద పదపు దీర్ఘమైన దిగుడు, దాని కింద ‘ధన్యులు’ అనే మూడు స్వరాల విశ్రాంతి. ప్రతి పంక్తికీ అదే జరుగుతుంది. అచ్చులతో ముగిసే మన పదాలు చర్చి గోడల ప్రతిధ్వనిలో కలిసిపోతాయి కూడా, ఇంగ్లీషు పదాంతపు హల్లులను అందరూ ఒకేసారి పలకడానికి పడే పాట్లు ఉండవు. ఎవరైనా పూనుకోవాలి.

కృతిప్రియ:

పాత రికార్డులు గారు చెప్పినట్టు ‘క్రేదో’, ‘ధన్యతలు’ ఒకే సాయంత్రం విన్నాను. రెండవ దానికి పాల్ హిల్లియర్ బృందం చేసిన రికార్డు దొరికింది. ఆ తరువాత క్రిస్టఫర్ బౌవర్స్ బ్రాడ్‌బెంట్ వాయించగా 1992లో ఈసీఎమ్ రికార్డు సంస్థ విడుదల చేసిన ‘ట్రివియమ్’లోని ఆర్గాన్ రచనలు కూడా విన్నాను.

నా అభ్యంతరంలో ఒక భాగాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఇది పెరగని సంగీతమని అన్నాను, అది తప్పు. ‘ధన్యతలు’ ఏడవ పంక్తికి వచ్చేసరికి నాకు తెలియకుండానే ఎంత పైకి వచ్చామో ఆర్గాన్ లేచినప్పుడు గాని అర్థం కాలేదు. మిగిలిన భాగం అలాగే ఉంది. గమకం లేని స్వరం నా చెవికి ఇంకా బోసిగానే ఉంది, ‘ట్రివియమ్’ నన్ను తాకలేదు. లెక్కల మాస్టారు గారు తెలుగు పాఠానికి వేసిన లెక్క మాత్రం చాలా నచ్చింది. ఎవరైనా రాస్తే పాడేవారిలో నేనూ ఉంటాను, స్వరాన్ని వంచకుండా నిలపడం నేర్చుకోవలసి ఉంటుంది.

ఆల్టో వరస:

మూడు వారాల తరువాత రాస్తున్నందుకు మన్నించండి. నిన్నటి సాధన గురించి చెప్పాలి.

సబ్‌ఊఫర్ ఒకటి అరువు తెచ్చుకొని బేస్ గాయకుల వెనుక పెట్టాము. మొదటి మంద్ర స్వరం మోగగానే చెక్క బల్లలు సన్నగా అదిరాయి, వెనుక వరుసలోని వారు ఒకరినొకరు చూసుకున్నారు. శ్రుతి జారడం పూర్తిగా పోలేదు గాని సగానికి తగ్గింది. దానికి తోడు, ఆధారం మారిన ప్రతి పంక్తికీ విడిగా శ్రుతి పెట్టె పెట్టుకొని, ఒక పంక్తి పాడి, నిశ్శబ్దంలో తరువాతి ఆధారాన్ని మనసులో ఊహించుకొని, ఆపైన పెట్టెతో సరిచూసుకొనే అలవాటు చేశాము. ఆ ఊహించుకొనే క్షణమే నిశ్శబ్దంలో చేయవలసిన పని అని నాకు ఇప్పుడు తెలిసింది. ఇదివరకు మేము ఆ సమయంలో ఊపిరి తీసుకొని తరువాతి మాట కోసం తొందరపడేవాళ్లం.

ఆమేన్ తరువాతి భాగాన్ని మా ఆర్గనిస్టు నిన్న మొదటిసారి పూర్తి వేగంతో వాయించారు. క్వయిర్ అంతా కూర్చోకుండా, పుస్తకాలు మూయకుండా అలాగే నిలబడి విన్నాము. ఆ ప్రశ్న అడిగిన టెనార్‌కు ఈ చర్చలోని జవాబులన్నీ ముందే చదివి వినిపించి ఉన్నాను. ఆర్గాన్ చివరి స్వరం ఆగాక ఆయన వెళ్లి మొదటి పంక్తి స్వరాన్ని ఆర్గాన్ మీద తానే ఒకసారి నొక్కి చూసుకొని, అదే, అన్నారు.

రైన్ ఒడ్డున గారూ, ఫ్యాన్ల విషయం కూడా సంఘ పెద్దలతో మాట్లాడి ఒప్పించాను. ఎండాకాలంలో ఏడు నిమిషాలు ఫ్యాన్లు ఆపడానికి ముందు కొంత అభ్యంతరం వచ్చింది. చివరికి సండే స్కూలు పిల్లలలో ఇద్దరిని స్విచ్‌ల దగ్గర నిలబెట్టాలని తేలింది. మా పాట మొదలయ్యే ముందు ఆపడం, ఆర్గాన్ చివరి స్వరం పూర్తిగా వినపడకుండా పోయాక పది అంకెలు లెక్కపెట్టి వేయడం వారి పని. నిన్న వారిద్దరూ పది దాటి ఇరవై దాకా లెక్కపెట్టారు.